ఎలుగు వెంట్రుక తాయెత్తు: ఊళ్ళోకి ఎలుగుని తెచ్చి ఆడించేవాళ్ళు ఎవరికైనా గుర్తున్నారా?

వంశధార_గట్టు

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పోయిన వారం అమ్మ పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక గుడ్డ మూట దొరికింది. అందులో నా చిన్నప్పటి వెండి మురుగులు, ఒక రాగి తాయెత్తు ఉన్నాయి. తాయెత్తుకి రెండు పక్కలా లక్క వేసి మూసేశారు. ఒక పక్క లక్క రాలిపోయి లోపల నల్లటి వెంట్రుకలు కనిపించాయి. నాలుగైదు ఉంటాయి, చీపురుపుల్లల్లా బిరుసుగా ఉన్నాయి. అమ్మ చూసి, "అది ఎలుగుది బాబూ. నీకు దడుపు జొరం వొచ్చినప్పుడు కట్టించినాం" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నాకు నాలుగేళ్ళుంటాయి, అంటే 1984 ప్రాంతం. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాణ్ణట. ఊళ్ళోకి ఎలుగుని ఆడించే ఆయన వస్తే మామ్మ కుంచెడు బియ్యం, ఒక రూపాయి ఇచ్చి నన్ను దాని మీద ఎక్కించమంది. దాని వీపు గరుకుగా, వెచ్చగా ఉండటం గుర్తుంది. తడిసిన గోనెసంచి లాంటి వాసన గుర్తుంది. మూతి మీద ముసిరిన ఈగలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. మా వాకిట్లో మూడు చుట్లు తిప్పాడు. నన్ను దింపాక వీపు మీద నుంచి వెంట్రుకలు పీకి మామ్మ చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుక్కి మూడేళ్ళు. వాడూ నిద్రలో లేచి ఏడుస్తున్నాడు. ఆ తాయెత్తే వాడికి కడదామని అమ్మ అంటోంది. నాకు మాత్రం ఆ ఈగలు గుర్తొచ్చాక చెయ్యి రావడం లేదు. ఆ ఎలుగుని ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు? ఈ ఆట ఎప్పటి నుంచి ఉంది, ఎలా ఆగిపోయింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొండ_రోడ్డు

మా ఊరికీ వచ్చేవాళ్ళండీ. డమరుకం చప్పుడు వినగానే "జాంబవంతుడొచ్చాడు" అని పిల్లలం పరిగెత్తేవాళ్ళం. వినాయక చవితి కథలో శ్యమంతక మణి కోసం కృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడినవాడు కదా, అంతటివాడు మా వీధిలోకి వచ్చాడని నిజంగానే నమ్మేవాణ్ణి. అది చేతులెత్తి దండం పెడితే నేనూ తిరిగి దండం పెట్టేవాణ్ణి.

పశువుల_డాక్టరు

పార్వతీపురం వైపు ఇరవై రెండేళ్ళు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. వంశధార గారూ, మీరు చూసిన ఈగలు ఊరికే ముసరలేదు. అక్కడ పుండు ఉంది.

ఎద్దుకి ముకుతాడు ఎలా వేస్తారో పల్లెల్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ముక్కు రంధ్రాల మధ్య పల్చటి గోడకి కన్నం వేస్తారు, కొన్నాళ్ళకి మానిపోతుంది. ఎలుగుకి అలా వెయ్యరు. కాల్చిన ఇనప దబ్బనాన్ని మూతి పై భాగంలో గుచ్చి, అటూ ఇటూ చొప్పించి, ఆ కన్నంలోంచి తాడు లాగుతారు. మందు ఉండదు, మత్తు ఉండదు. అప్పటికి అది కొన్ని నెలల పిల్ల. తాడు రోజూ కదులుతుంది కాబట్టి ఆ పుండు ఎప్పటికీ మానదు. వయసొచ్చాక కోరలు విరగ్గొడతారు, గోళ్ళు కత్తిరిస్తారు. తాడు పైకి లాగితే నొప్పి తగ్గించుకోడానికి వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. కాళ్ళ దగ్గర కర్రతో కొడితే ఒక్కో కాలూ ఎత్తుతుంది. డమరుకం వాయిస్తూ ఇవే చేయించి, దాన్ని మనకి నాట్యం అని చూపించారు.

అసలు ఎలుగు ఎలా బతికే జంతువో చెబుతాను, అప్పుడు అర్థమవుతుంది. మన ఎలుగుకి పై దవడలో ముందు రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి, పొడుగాటి పెదాలు గొట్టంలా చాచి, చెదపుట్టలోని పురుగుల్ని గట్టిగా పీలుస్తుంది. ముక్కులోకి మట్టి పోకుండా రంధ్రాలు తనే మూసుకోగలదు. ఆ పీల్పు చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. ఇప్పపూల కాలంలో రాత్రంతా చెట్ల కిందే ఉంటుంది. చూపు అంతంతమాత్రం, బతుకంతా వాసన మీదే. అలాంటి జంతువుకి సరిగ్గా ఆ మూతి మీదే కన్నం వేశారు.

పిల్లలు ఎక్కువగా చలికాలంలో, ఒక్కో ఈతకి రెండు పుడతాయి. గుహలోంచి బయటికి వచ్చాక ఆరు నుంచి తొమ్మిది నెలలు తల్లి వీపు మీదే తిరుగుతాయి. వేరే ఏ జాతి ఎలుగూ పిల్లల్ని ఇలా వీపు మీద మోస్తూ తిరగదు. అక్కడి వెంట్రుకలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి పట్టుకుని వేలాడతాయి. తల్లి బతికుండగా పిల్లని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు తల్లిని చంపేవాళ్ళు. మిమ్మల్ని ఎక్కించిన ఆ ఎలుగు కూడా ఒకప్పుడు అలాంటి వీపు మీద నుంచి లాక్కొచ్చిన పిల్లే అయ్యుంటుంది.

వంశధార_గట్టు

డాక్టరు గారూ, చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. వీపు మీద వెంట్రుకలు పిల్లలు పట్టుకోడానికి ఉంటాయని నాకు ఇవాళే తెలిసింది. తాయెత్తులో ఉన్నవి అవే.

కోట_వెనక_వీధి

విజయనగరం నుంచి. మాకు వీధి ఎలుగుల కన్నా సర్కస్ ఎలుగులు బాగా గుర్తు. ఇది సర్కస్‌ని ప్రేమించిన నేల. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు సొంత సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగారు, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నారు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. మా తాతగారు ఆయన సంగతులు చెబుతుంటే అన్నం చల్లారిపోయేది. అది మనిషి కండబలం, సాధన. దాని మీద నాకు ఈ రోజుకీ గౌరవం తగ్గలేదు.

ఎలుగు సంగతి వేరు. 1980లలో అయోధ్య మైదానంలో ఒక సర్కస్ దిగింది. పేరు చెప్పను. ఎలుగుకి ఎర్ర పావడా కట్టి సైకిల్ తొక్కించారు. మూతికి తోలు చిక్కం ఉంది, మనం దూడలకి కడతామే అలాంటిది. జనం విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆట అయ్యాక మా పెదనాన్న కొడుకూ నేనూ డేరా వెనక్కి వెళ్ళాం. అక్కడ బోనులో అదే ఎలుగు ఉంది. పావడా విప్పలేదు. తల ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ ఊపుతూనే ఉంది. మేము గడ్డి విసిరాం, పేరు పెట్టి పిలిచాం, ఇనప చువ్వ మీద తట్టాం. ఆగలేదు. గడియారం లోలకంలా ఊపుతూనే ఉంది. అన్నయ్య "దీనికి పిచ్చెక్కిందిరా" అన్నాడు. నాకు భయమేసి ఇంటికి పోదామన్నాను. డాక్టరు గారూ, అది ఏమిటి?

పశువుల_డాక్టరు

అన్నయ్య చెప్పింది దాదాపు నిజమేనండి. రోజుకి మైళ్ళు తిరిగి, వాసన పట్టి, పుట్టలు తవ్వుకునే జంతువుని నాలుగడుగుల బోనులో పెడితే ఆ తిరుగుడంతా మెడలోకి వస్తుంది. ఏళ్ళ తరబడి కట్టేసిన ఏనుగు ఊగడం కూడా అదే.

చరిత్ర_టీచరమ్మ

వంశధార నాయనా, నువ్వడిగిన "ఎప్పటి నుంచి" అన్నదానికి నేను చెబుతాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఇది మన దేశంలోనే పుట్టిన పాపం అనుకోవద్దు.

రోము సామ్రాజ్యంలో ఎలుగుల్ని అడవుల నుంచి తెచ్చి గోదాల్లో మనుషుల మీదికి, ఇతర మృగాల మీదికి వదిలేవాళ్ళు. 1252లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి నార్వే రాజు నుంచి తెల్ల ఎలుగు ఒకటి కానుకగా వచ్చింది. దాన్ని లండన్ టవర్ కోటలో ఉంచి, పొడుగాటి గొలుసు కట్టి థేమ్స్ నదిలో చేపలు పట్టుకోనిచ్చేవాళ్ళు. ఈ చరిత్రలో కాస్త ఊపిరి పీల్చుకున్న ఎలుగు అదొక్కటే అనిపిస్తుంది నాకు.

తర్వాత వచ్చింది ఎలుగు మీదికి కుక్కల్ని వదిలే ఆట. లండన్‌లో థేమ్స్ దక్షిణపు ఒడ్డున దానికోసం గుండ్రటి ప్రాంగణాలే కట్టారు. మధ్యలో గుంజ, గుంజకి గొలుసుతో ఎలుగు. నాలుగైదు వేట కుక్కల్ని ఒకేసారి ఉసిగొల్పేవాళ్ళు. కుక్క చస్తే ఇంకోదాన్ని వదిలేవాళ్ళు. ఎలుగు ఖరీదైనది కాబట్టి దాన్ని చావనిచ్చేవాళ్ళు కాదు. గాయాలు మాన్పి మళ్ళీ తెచ్చేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి. శాకర్సన్, హ్యారీ హంక్స్ అని వాటికి పేర్లుండేవి, ఊరంతటికీ ఆ పేర్లు తెలుసు. 1575లో కెనిల్‌వర్త్ కోటలో మొదటి ఎలిజబెత్ రాణి వినోదం కోసం పదమూడు ఎలుగుల మీదికి కుక్కల్ని వదిలారు. 1583 జనవరి 13, ఆదివారం నాడు లండన్ ఎలుగుల ప్రాంగణంలో జనం ఎక్కిన మంచెలు కూలి మనుషులు చచ్చిపోయారు. ఆదివారం గుడికి పోకుండా ఆటకి పోయినందుకు దేవుడు శిక్షించాడని మత పెద్దలు అన్నారు. గుంజకి కట్టిన ఎలుగు గురించి వాళ్ళకి పట్టలేదు. మంచెలు మళ్ళీ కట్టేశారు. 1614లో హోప్ అని ఒక నాటకశాల వచ్చింది. దాని రంగస్థలం తీసి పక్కన పెట్టొచ్చు. కొన్ని రోజులు నాటకం, కొన్ని రోజులు ఎలుగు. ఇంగ్లండులో చట్టం చేసి ఆపింది 1835లో.

ఎలిజబెత్ కాలం అనగానే నాటకాలు, ఓడలు, స్పెయిన్ మీద గెలుపు అని పిల్లలకి నోట్సు చెప్పాను నేను. అవే నాటకశాలల పక్కన, అదే జనం కోసం ఇది జరిగేదని ఒక్క బ్యాచికైనా చెప్పలేదు. రిటైరయ్యాక గానీ నేనూ చదవలేదు.

తూర్పు ఐరోపాలో మన వీధుల్లో చూసిందే ఉండేది. ఇప్పటి బెలారస్‌లో స్మర్గోన్ అనే ఊళ్ళో ఒక ప్రభువుల కుటుంబం ఎలుగులకి బడి నడిపింది. కింద మంట పెట్టిన లోహపు నేల మీద నిలబెట్టి సంగీతం వాయించేవాళ్ళు. కాళ్ళు కాలి అది ఒక్కో కాలూ ఎత్తేది. కొన్నాళ్ళకి మంట అక్కర్లేదు, సంగీతం వినపడితే చాలు కాళ్ళు ఎత్తేది. ఫ్రాన్సులో పిరనీస్ కొండల పల్లెల వాళ్ళు ఎలుగుల్ని తోలుకుని అమెరికా దాకా పోయి పొట్టపోసుకున్నారు. రుమేనియా, బల్గేరియాల్లో రోమా జాతివాళ్ళు ఆడించేవాళ్ళు. రోమా వాళ్ళ భాష మన ఉత్తరాది భాషల కుటుంబానిదే, వాళ్ళ పూర్వీకులు ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళే. బల్గేరియాలో బెలిత్సా అనే చోట 2000లో ఈ ఎలుగుల కోసం ఆశ్రయం పెట్టారు. చివరి మూడు ఎలుగులు 2007లో అక్కడికి చేరాయి.

ఉద్దానం_రైతు

అందరూ చదువుకున్నవాళ్ళు, బాగా రాస్తున్నారు. కానీ ఎలుగు అంటే మాకు ఏటో మీకు తెలీదు. మాది వజ్రపుకొత్తూరు మండలం. జీడిపిక్కలు ఏరాలంటే తెల్లవారుజామునే తోటలోకి పోవాలి. ఎండెక్కితే పని సాగదు. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో రేకు డబ్బా. డబ్బా మోగించుకుంటూ పోతాం. పనస ముగ్గితే ఎలుగు తోటలోనే ఉంటుంది. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక మనిషిని చంపింది. మర్నాడు మళ్ళీ కొంతమంది మీద పడి చీరేసింది. ఎలుగు మొహం మీదే కొడతది. ఆసుపత్రిలో ఆ మొహాలు చూసినోడికి ఈ కబుర్లు ఎక్కవు. దాని ముక్కు గురించి ఇంత బాధపడుతున్నారు, మా మొహాల గురించి ఎవరు రాస్తారు?

పశువుల_డాక్టరు

బాబూ, మీ మాట కొట్టిపారేసేది కాదు. ఎలుగు దెబ్బలు నేను కళ్ళారా చూశాను. ఆ గాయాలతో బతికినవాళ్ళు అద్దంలో చూసుకోరు. భల్లూకపు పట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఒక్క మాట. మీరు డబ్బా మోగిస్తూ పోవడం చాలా సరైన పని, మానకండి. దానికి చూపు తక్కువ, తల పుట్టలో పెట్టి తింటున్నప్పుడు చెవికీ ఏమీ ఎక్కదు. దగ్గరికొచ్చేదాకా మనిషిని గమనించదు. గమనించాక పారిపోయే వ్యవధి లేదనుకుని మీద పడుతుంది. పిల్లలున్న తల్లయితే అసలే ఆగదు. వీధుల్లో ఆడించిన ఎలుగు మీద నా బాధ, మీ ఊరి బాధ ఒకదానికొకటి అడ్డం కావు. పరిహారం గురించి, గాయపడినవాళ్ళ వైద్యం గురించి ఇక్కడే ఇంకో చర్చ పెట్టండి, నేను వస్తాను.

మాజీ_జవాను_పలాస

మా వైపు ఇంటికొకరు ఆర్మీలో ఉంటారు కదా, నేనూ పద్దెనిమిదేళ్ళు చేశాను. 1995లో ఆగ్రాలో పోస్టింగ్. ఆగ్రా నుంచి ఫతేపూర్ సిక్రీ పోయే రోడ్డు మీద ఎలుగుల వాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు. విదేశీ టూరిస్టుల కార్లు స్లో అయితే చాలు, తాడు ఒక్క గుంజు గుంజేవాళ్ళు, ఎలుగు లేచి నిలబడేది. నేనూ పది రూపాయలిచ్చి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. ఆ ఫోటో చాలాకాలం మా ఇంట్లో గోడకి ఉంది.

వాళ్ళని కలందర్లు అంటారు. ముస్లిం సంచార జాతి. మొఘలుల కాలం నుంచీ ఇదే వృత్తి అని చెప్పుకుంటారు. అప్పట్లో దర్బారుల్లో ఆడించారు, రాజులు పోయాక రోడ్ల మీద పడ్డారు. ఫోటో తీయించుకున్న రోజు ఆయనతో హిందీలో కాసేపు మాట్లాడాను. భూమి లేదు, బడి లేదు. "మా నాన్న నాకు ఇచ్చింది ఈ తాడొక్కటే" అన్నాడు. చెట్టు కింద ఆయన పిల్లలూ ఎలుగూ ఒకే రొట్టెలు తింటున్నారు. మంచివాడు కాదని నేను చెప్పలేను.

1996లో వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ పెట్టిన కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి గార్లు దేశం తిరిగి లెక్క చూస్తే ఇలాంటి ఎలుగులు 1,200 దాకా తేలాయి. చట్టం అప్పటికే ఉంది. ఎలుగుని లాక్కుని మనిషిని జైల్లో పెడితే వాడు బయటికొచ్చి ఇంకో పిల్లని కొంటాడు, అడవిలో ఇంకో తల్లి చస్తుంది. అందుకని వీళ్ళు వేరే దారి పట్టారు. ఎలుగుని అప్పగించి, ఇక ఈ పని చెయ్యనని రాసిచ్చిన కుటుంబానికి ఆటో కొనుక్కోడానికో, చిన్న కొట్టు పెట్టుకోడానికో డబ్బు ఇచ్చారు. ఆడవాళ్ళకి చేతిపనులు, పిల్లలకి బడి. కొంతమంది కలందర్లనే ఎలుగుల సంరక్షణ కేంద్రంలో పనికి పెట్టుకున్నారు. ఆగ్రా దగ్గర కీఠం చెరువు పక్కన ఉన్న కేంద్రానికి 2002 డిసెంబరులో మొదటి ఎలుగు వచ్చింది. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్ట, భోపాల్, బెంగాల్‌లో పురూలియాలోనూ కేంద్రాలు పెట్టారు. 2009 డిసెంబరులో రాజు అనే ఎలుగు బన్నేరుఘట్టకి చేరింది. అదే ఆఖరిది. మొత్తం ఆరు వందల పైచిలుకు ఎలుగులు. నేపాల్‌లో మాత్రం 2017 దాకా రంగీలా, శ్రీదేవి అని రెండు మిగిలిపోయాయి, వాటినీ విడిపించారు.

రిటైరయ్యాక 2016లో మా ఆవిడతో ఆగ్రా వెళ్ళి ఆ కేంద్రం చూశాను. ముందుగా అనుమతి తీసుకోవాలి. గంజి లాంటి జావ పెడుతున్నారు, పుచ్చకాయ ముక్కలు వేస్తున్నారు. ఒక ముసలి ఎలుగు, రెండు కళ్ళకీ పొర వచ్చేసింది, కన్నాలు పెట్టిన చెక్క దుంగలోంచి తేనె నాకుతోంది. మూతి మీద మచ్చ ఉంది, నా బొటనవేలంత, వెంట్రుక మొలవని గులాబీ రంగు చర్మం. ఎవరో దూరంగా ఇనప గేటు గొలుసు తీశారు. ఆ గొలుసు చప్పుడికి అది తేనె వదిలేసి వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. తాడు లేదు, కొట్టేవాడు లేడు. నిలబడే ఉంది. కాపలా ఆయన మెల్లగా పేరు పెట్టి పిలిచాక దిగింది. మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఇంటికొచ్చి గోడ మీద ఫోటో తీసేశాను.

చరిత్ర_టీచరమ్మ

నాయనా, స్మర్గోన్‌లో మంట లేకపోయినా కాలెత్తేదని రాశాను కదా పైన. నువ్వు కళ్ళతో చూశావు.

సాలూరు_కుర్రాడు

ఒక డౌటు. మరి కోతుల్ని ఆడించేవాళ్ళు, సంక్రాంతికి గంగిరెద్దుల వాళ్ళు? వాళ్ళదీ ఇదే కదా? వాళ్ళకి ఆటోలు ఎవరిచ్చారు?

నల్లకోటు

శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తాను. చట్టం వరకు చెబుతాను.

ఎలుగుని అడవి నుంచి పట్టడం, దగ్గర పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే నేరమైంది. అయినా ముప్పై ఏళ్ళకి పైగా వీధుల్లో ఆడాయి. వంశధార గారు ఎక్కిన 1984 నాటికి ఆ చట్టానికి పన్నెండేళ్ళు. రెండోది, జంతువుల మీద క్రూరత్వ నివారణకి 1960లో వచ్చిన చట్టం. దాని కింద 1998 అక్టోబరు 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహం, వీటిని ఆటలకి శిక్షణ ఇవ్వకూడదు, ప్రదర్శించకూడదు. సర్కస్ యజమానులు కోర్టుకెళ్ళారు. కేరళ హైకోర్టులో ఓడారు, 2001లో సుప్రీంకోర్టు కూడా ఉత్తర్వునే నిలబెట్టింది. సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులులు కొన్ని మన విశాఖ జూ పక్కనున్న సంరక్షణ కేంద్రానికే చేరాయి. కోట వెనక వీధి గారు చూసిన సైకిల్ ఆట అలా ఆగింది.

తమ్ముడూ, కోతి ఆ జాబితాలో మొదటి నుంచీ ఉంది. ఎద్దుని 2011లో కలిపారు. గంగిరెద్దు గురించి నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో పుట్టి ఇంట్లో పెరిగిన ఎద్దునీ తల్లిని చంపి తెచ్చిన ఎలుగునీ నేను ఒక గాటన కట్టను. కానీ నీ రెండో ప్రశ్న చాలా సరైనది. కలందర్లకి దొరికిన ఆసరా మిగతా సంచార జాతులకి దొరకలేదు. ఉత్తర్వు ఒక్కటీ చేతిలో పెట్టి పొమ్మంటే వాళ్ళు ఎక్కడికి పోతారు?

ఇక తాయెత్తు. ఆ చట్టంలో వేట గుర్తులుగా రాసిన వాటిలో గోళ్ళు, పళ్ళు, కొమ్ములతో పాటు వెంట్రుకలూ ఉన్నాయి. నలభై ఏళ్ళ కిందట మీ మామ్మగారు తెలియక చేసిందాన్ని పట్టుకుని ఎవరూ మీ ఇంటికి రారు. అయినా పిల్లాడికి కట్టొద్దు. దగ్గర్లో ఉన్న అటవీ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి, ఎలా దొరికిందో ఒక కాగితం మీద రాసి, అప్పగించి, రసీదు తీసుకోండి.

ఉద్దానం_రైతు

జవాను గారు రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాను. మా అమ్మాయి చదివింది.

ఇంకోటి చెబుతాను. కిడిసింగి ఎలుగుని మత్తు పెట్టి పట్టుకున్నారు, బోనులో ఎక్కించారు, అదీ చచ్చిపోయింది. మాకు ఏ రకంగానూ సంతోషం కలగలేదు. ఇప్పుడు ఎలుగు తోటలోకి వచ్చిందని తెలిస్తే పక్క ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు బైకులేసుకుని వస్తారు. చుట్టూ మూగుతారు, సెల్‌ఫోన్లు పైకెత్తుతారు. అది పొదలోంచి రాకపోతే రాయి వేస్తారు. అది రెండు కాళ్ళ మీద లేస్తే ఈలలు, కేకలు. బెదిరిపోయి అది ఎటో పరిగెడతది. సాయంత్రం ఆ దారిలో పిక్కలు ఏరుకుని వచ్చే ఆడమనిషి మీద పడతది. వీడియో తీసినోడు అప్పటికి ఇంటికి పోయుంటాడు. ఎలుగుల ఆట ఆగిపోయిందని మీరు రాస్తున్నారు. మా తోటల్లో ఆగలేదు.

కోట_వెనక_వీధి

ఉద్దానం బాబూ, ఆ వీడియోలు నాకూ వాట్సాప్‌లో వచ్చాయి. రెండు మూడు నేను ముందుకి పంపాను కూడా. ఇంక పంపను.

పశువుల_డాక్టరు

రైతు గారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే మాట. ఎలుగు రెండు కాళ్ళ మీద లేచేది ఎక్కువగా వాసన పట్టడానికి, చుట్టూ ఏముందో తెలుసుకోడానికి. బెదిరినప్పుడు అలా నిలబడితే జనం ఆడుతోందనుకుంటున్నారు. అక్టోబరు 12ని 2022 నుంచి ప్రపంచ స్లాత్ బేర్ దినంగా, అంటే మన జాతి ఎలుగుల దినంగా జరుపుతున్నారు. ఈసారి ఆ రోజు మీ మండలం హైస్కూల్లో పిల్లలతో మాట్లాడటానికి నేను వస్తాను. హెడ్మాస్టరుని మీరు అడిగి పెట్టండి. రాయి వేస్తున్నది వాళ్ళ అన్నయ్యలే కదా.

ఉద్దానం_రైతు

అడుగుతాను డాక్టరు గారూ. భోజనం మా ఇంట్లోనే చెయ్యాలి.

వంశధార_గట్టు

ఆలస్యమైంది, క్షమించండి. నల్లకోటు గారు చెప్పినట్టే చేశాను. ముందు అమ్మని ఒప్పించాలి కదా. డాక్టరు గారి పోస్టు, జవాను గారి పోస్టు చదివి వినిపించాను. వీపు మీద పిల్లల సంగతి వచ్చినప్పుడు ఆపమంది. లేచి వెళ్ళి తాయెత్తు తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడు రేంజ్ ఆఫీసుకి వెళ్ళాం, అమ్మ కూడా వస్తానంది. అక్కడున్న బీట్ ఆఫీసరు చిన్న కుర్రాడు. లక్క తీసి వెంట్రుకలు ఒక కవర్లో వేసి, సంతకాలు పెట్టించుకుని, రాగి గొట్టం తిరిగి ఇచ్చేశాడు.

తమ్ముడి కొడుకుని శ్రీకాకుళంలో పిల్లల డాక్టరుకి చూపించాం. చెవిలో ఇన్ఫెక్షన్ ఉంది, పడుకుంటే పోటు వస్తోందట. మందు వేశాక నిద్రపోతున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నాకు గుర్తులేని సంగతి చెప్పింది. ఆ రోజు నన్ను దింపాక మామ్మ పెద్ద సత్తు గిన్నె నిండా గంజి తెచ్చి ఎలుగు ముందు పెట్టిందట. అది ఆత్రంగా వంగిందట. మూతి గిన్నెలో పెట్టగానే ముక్కుతాడు ముడి అంచుకి తగులుకుని, కెవ్వుమని వెనక్కి తగ్గిందట. మళ్ళీ వంగింది, మళ్ళీ తగ్గింది. అలా నాలుగైదుసార్లు. అప్పుడు మామ్మ గిన్నె కింద పెట్టి, దోసిలితో గంజి ముంచి దాని పెదాల కింద పట్టుకుందట. గిన్నె ఖాళీ అయ్యేదాకా దోసిలితోనే పట్టిందట. ఆడించే ఆయన తాడు వదులు చేసి పక్కకి చూస్తూ నిలబడ్డాడట.

"మరి ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదేమ్మా" అన్నాను. "నువ్వు అడిగినావేటి" అంది.